గోడ పగిలితే ముందు సంపు, తర్వాత నేల

గోడ మీద పగులు కనపడగానే పుట్టీ తెచ్చేవాళ్లే ఎక్కువ. ఆరు నెలలకు అదే చోట మళ్లీ పగిలాక నాకు ఫోన్ వస్తుంది. వెళ్లగానే అడుగుతాను: సంపు లీకవుతోందా? చూడకుండానే 'లేదండీ' అంటారు. రాత్రి సంపు నింపి, వాల్వు కట్టేసి, మోటారు ఆపి, నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. తెల్లారేసరికి వేలెడు దిగిందంటే ఆ నీళ్లు పునాది కిందికే పోతున్నాయి. డ్రైనేజీ చాంబర్లూ చూడండి. ఈ లీకు ఆగే వరకు మిగతా రిపేర్లు దండగ.

తర్వాత పగులు ఎక్కడుందో చూడాలి. బీము, ఇటుక గోడ కలిసేచోట అడ్డంగా సన్నగా ఉంటే పునాదికి సంబంధం లేదు. చికెన్ మెష్ (సన్న ఇనుప జాలి) కొట్టి ప్లాస్టరింగ్ చేస్తే చాలు. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఏటవాలుగా పోతూ, పక్క తలుపు కూడా పట్టేస్తుంటే నేల కదులుతోందన్నమాట. పగులుకు అడ్డంగా చిన్న ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బిళ్ల అంటించి, తేదీ రాసిపెట్టండి. బిళ్ల పగిలితే కదలిక ఇంకా ఆగలేదన్నమాట.

ఎండాకాలం తెరుచుకుని వానలకు మూసుకునే పగులైతే నల్లరేగడి. ల్యాబులో 10 గ్రాముల మట్టిని నీళ్లలో, మరో 10 గ్రాములను కిరోసిన్‌లో 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో ఉబ్బదు. నీళ్లలో దానికంటే 50 శాతం పైన ఉబ్బితే మామూలు పునాది వద్దు, అండర్ రీమ్డ్ పైల్స్ (లోతుకు దిగి, కింద ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) అడగండి.

మూసుకోకుండా ప్రతి వానకూ ఇంకాస్త తెరుచుకుంటే అది పూడిక, అంటే తెచ్చి పోసిన మట్టి. నన్ను దెబ్బతీసింది ఇదే.

హైదరాబాద్ శివార్లలో 150 గజాల ప్లాటు. ముందు మూల ఒక్క గుంట తీయిస్తే నాలుగడుగులకే మొరం (గట్టి గరుకు నేల) తగిలింది. వెనక పిల్లర్ల గుంటల్లోనూ మొరమే కనిపించింది కదా అని ఫుటింగులు (పిల్లర్ల కింది కాంక్రీటు దిమ్మెలు) వేయించేశాను. మొదటి వానాకాలానికే వెనక గది కుంగింది. తవ్వితే ఏడడుగుల లోతులో ప్లాస్టిక్ కవర్లు, తెగిన చెప్పు! వాలు నేలను లేఅవుట్‌గా చదును చేసేటప్పుడు పైవైపు తవ్విన మొరాన్నే కిందివైపు పోశారు. అంటే ఇల్లు సగం అసలు నేల మీద, సగం పోసిన మట్టి మీద. పొడిగా ఉన్నన్నాళ్లు పోసిన మొరం గట్టిగానే ఉంటుంది. నీళ్లు దిగితే ఒక్కసారిగా కుంగుతుంది.

రెంటికీ తేడా గుంట గోడ గీకితే తెలుస్తుంది. అసలు మొరం గ్రానైటు రాయి ఉన్నచోటే మెత్తబడింది కాబట్టి గింజలు ఒకదానికొకటి పట్టుకుని ఉంటాయి, తెల్ల పలుగురాయి చారలు గుంట గోడలో తెగకుండా సాగుతాయి. పోసిన దాంట్లో చారలు ముక్కలైపోయి, మధ్యలో నల్లమట్టి, ఇటుక ముక్కలు కనిపిస్తాయి. నాలుగు మూలలా, నడిమధ్యనా గుంటలు తీయించండి. జేసీబీకి ఇది గంటల పనే. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఫొటోలు, ఊరి నక్షాలో కుంట, వాగు ఉన్నాయేమో కూడా చూడాలి.

ఇల్లు ఇంకా కట్టకపోతే పని తేలిక. ప్రతి ఫుటింగూ అసలు నేలకు దిగాలి. ముందు నాలుగడుగులు, వెనక పదకొండు అయినా పరవాలేదు, నేల మట్టం దగ్గర పిల్లర్లను కలిపే ప్లింత్ బీముతో కలిపేయండి. గచ్చు కింద మట్టిని ఆరేడు అంగుళాల పొరలుగా పోసి, ఒక్కో పొరనూ తడిపి దిమ్మిస కొట్టించాలి. కట్టేశాక అయితే ఫుటింగు కింద కొంచెం కొంచెంగా తవ్వి గట్టి నేల దాకా కాంక్రీటు నింపాలి. మొత్తం ఒకేసారి తవ్వితే ఇల్లు మీద పడుతుంది. ఇది స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గరుండి చేయించాల్సిన పని, మేస్త్రీకి వదిలేయొద్దు.

పక్కవాళ్ల బోరు, రోడ్డు మీద లారీల అదురు అంటారు కొందరు. నాకు తగిలిన కేసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బిళ్ల ఒక వానాకాలం మొత్తం పగలకుండా నిలిచాకే పుట్టీ కొనండి.