బోంక్ కూత వినడానికి బ్యెబ్జా వెళ్తున్నారా? చెక్కబాట దిగకండి

2025 ఏప్రిల్‌లో, ఈస్టర్ రోజున, పోలాండ్‌లోని చిత్తడి నేల బ్యెబ్జా జాతీయ పార్కులో మంటలు లేచి సుమారు 450 హెక్టార్లు కాలిపోయాయి. 2020లో అయితే 5,000 హెక్టార్లకు పైనే. అదీ ఏప్రిల్లోనే. వార్సాలోనో బియావిస్తోక్‌లోనో చదువుకుంటున్న మన పిల్లలు అక్కడ బోంక్ అనే చిత్తడి కొంగ కూత వినాలని బయల్దేరేది కూడా సరిగ్గా అప్పుడే. అందుకే ఇది రాస్తున్నాను.

ఇంగ్లీషులో బిట్టర్న్, పోలిష్‌లో బోంక్. పొద్దుగూకాక మగపక్షి ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు బూం అంటుంది. గాలి లేని రాత్రి ఆ కూత మూడు కిలోమీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది.

చిక్కంతా ఇక్కడే. వినగానే పక్కనే ఉందనిపిస్తుంది. చెక్కబాట దిగి కూత వైపు నడుస్తారు. నేను చూసినంతలో జనాన్ని ఇబ్బందుల్లో పడేసింది ఈ ఒక్క తప్పే. గట్టిగా ఉందనుకుని గడ్డిదుబ్బు మీద కాలు పెడితే అది పక్కకి ఒరుగుతుంది, కాలు మోకాలిదాకా పీట్ అనే కుళ్లిన మొక్కల బురదలోకి దిగిపోతుంది. లాగితే కాలొస్తుంది, బూటు రాదు. చుట్టూ మనిషెత్తు కిక్కిస గడ్డి. ఫోన్ వెలుగులో అన్ని దిక్కులూ ఒకటే. పైగా ఏప్రిల్లో అది నిరుటి ఎండు కిక్కిస. గాలికి మంట అంటుకుందంటే ఆ బురదలో మీరు పరుగెత్తలేరు.

కూత వెంట పోకండి. పోయినా పక్షి కనిపించదు. అలికిడైతే ముక్కు పైకెత్తి, ఒంటి చారలు కిక్కిసలో కలిసిపోయేలా కదలకుండా నిలబడుతుంది. గూడు కూడా ఆ కిక్కిసలోనే, నీటిమట్టంలోనే. ఆడపక్షి ఒక్కతే పొదుగుతుంది. మీరు తొక్కేది ఆ గూటినే కావచ్చు.

ద్వుగా లుకా లాంటి చెక్కబాట మీదే నిలబడి వినండి. ఫోన్‌లో కూత రికార్డింగు పెట్టి పిలవకండి, జతకట్టే కాలంలో మగపక్షి పని మాని పోట్లాటకి వస్తుంది. రాత్రి చలి సున్నాకి దిగుతుంది, స్వెట్టర్ చాలదు. ప్యాంటు సాక్సులోకి దోపండి. గదికి రాగానే చంకలు, మోకాళ్ల వెనక పిడుదులున్నాయేమో వెతకండి. ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగండి, నూనె రాయకండి. తర్వాతి వారాల్లో ఎర్రటి వలయం లేస్తే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒంటరిగా వెళ్లకండి. సిగరెట్ వద్దు. చలిమంట వద్దు. కూత ఎంత దగ్గరగా వినిపించినా చెక్కబాట దిగొద్దు. పొగ కనిపిస్తే వీడియో తీస్తూ నిలబడకండి, రోడ్డు వైపు నడుస్తూ 112కి ఫోన్ చేయండి.