పాత ఇంట్లో కొత్త వంటగది: అతుకుల దగ్గర వచ్చే చిక్కులు, వాటికి మందు

విజయవాడ సత్యనారాయణపురంలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో నలభై యాభై ఏళ్ల ఇల్లు. వంటగదీ, నడవా సొంతంగా బాగుచేసుకోవాలంటే సెలవు రోజున కాస్త, పండగ ముందు కాస్త చేసుకుంటూ పోవాలి. పని ఏడాదో రెండేళ్లో పడుతుంది. అలా సాగే పనిలో పాతదీ కొత్తదీ కలిసే చోటే ఎక్కువ చిక్కులు పుడతాయి. మొజాయిక్ మీద టైలు, సున్నపు పూత పక్కన సిమెంటు పూత, అల్యూమినియం తీగకు మెలిపెట్టిన రాగి తీగ, ఇవన్నీ అలాంటి అతుకులే. అందుకే పైన లక్షణం కనిపించగానే పై పూత మార్చకండి. ముందు అతుకు చూడండి.

నడవాలో కొత్త టైలు డొల్లగా మోగుతోంది, లేదా వేసవిలో రెండు టైళ్లు గుడారంలా లేచాయి

రూపాయి బిళ్లతో ప్రతి టైలునూ నాలుగు మూలలా, మధ్యలో తట్టండి. డొల్లగా మోగిన చోట సుద్దతో గీయండి. ఒక్క మూలే మోగుతూ, అక్కడ బరువు పడకపోతే వదిలేయొచ్చు. సిలిండరు దొర్లించే దారిలో, ఫ్రిజ్ కాళ్ల కింద మాత్రం వదలొద్దు. ఇవాళ కాకపోతే రేపు పగులుతుంది.

విట్రిఫైడ్ టైలు పీల్చే నీరు అర శాతానికి మించదు. సిమెంటు పాలు పోసి అంటిస్తే పాత సిరామిక్ టైలు పట్టుకున్నట్టు ఇది పట్టుకోదు. దానికి తోడు, కింద పాలిష్ పట్టిన మొజాయిక్‌ను గరుకు చేయకుండా వదిలేసి ఉంటారు. రోహిణి కార్తె ఎండల్లో పని చేస్తే ఇంకో ఇబ్బంది: పరిచిన అడ్హెసివ్ (టైలు అంటించే జిగురు) పది నిమిషాలకే పైన పొర కడుతుంది, ఆ పొర మీద పెట్టిన టైలు అంటినట్టే ఉంటుంది కానీ అంటదు. ఇక గుడారంలా లేచిందంటే, టైళ్ల మధ్య, గోడల వెంబడి సందు లేదన్నమాట. వేడికి సాగిన టైలుకు పక్కకు చోటు లేక పైకి లేచింది.

తీసేటప్పుడు ముందు చుట్టూ ఉన్న గ్రౌటును (టైళ్ల సందుల్లో నింపే పూతను) నాలుగంగుళాల డైమండ్ బ్లేడుతో కోయండి. తర్వాత టైలును మధ్యలో పగలగొట్టి అంచులకు రండి. అంచు నుంచి మొదలుపెడితే పక్క టైలు కూడా పోతుంది. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. అడుగున అంటుకున్న పాత సిమెంటో, అడ్హెసివో చెక్కేసి, మొజాయిక్‌ను గ్రైండరుతో గరుకు చేసి, దుమ్ము పూర్తిగా తీయండి. నునుపు నేల మీద వేయడానికి పనికొచ్చే రకం అడ్హెసివ్‌నే కొనండి. 3 మి.మీ. మందాన 20 కిలోల సంచి సుమారు 50 చదరపు అడుగులకు వస్తుంది. ఒకసారికి ఐదు కిలోలకు మించి కలపొద్దు.

రెండడుగుల టైలుకు 10 మి.మీ. పళ్లున్న తాపీతో ఒకే దిక్కున గీతలు లాగండి, టైలు వెనక కూడా పల్చగా పూయండి. పెట్టేముందు వేలితో తాకండి. వేలికి అంటకపోతే ఆ అడ్హెసివ్ గీకి పారేయాల్సిందే. నీళ్లు చల్లి వాడితే మళ్లీ డొల్లే. టైళ్ల మధ్య 2 మి.మీ. స్పేసర్లు పెట్టండి. గోడ వెంబడి 6 నుంచి 8 మి.మీ. సందు వదిలితే అది స్కర్టింగ్ కింద దాగిపోతుంది. 24 గంటలు తొక్కకండి, గ్రౌటు ఆ తర్వాతే.

గోడ కింద రెండడుగుల మేర లప్పం పొట్టులా రాలుతోంది, తెల్లటి ఉప్పు లేస్తోంది

ముందు చెమ్మ ఎటునుంచో తేల్చుకోవాలి. రెండడుగుల చదరం పాలిథీన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. చుక్కలు కాగితానికి గోడ వైపు పడితే చెమ్మ గోడలోదే. గది వైపు పడితే వంట ఆవిరి, అప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు. గోడలోదే అయితే పైపు లీకేజీ ఉందేమో చూడండి: రాత్రి మోటారు వేయకుండా, కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టం గుర్తు పెట్టుకుని తెల్లారి కొలవండి.

పైపు బాగుంటే చెమ్మ పునాది నుంచి వస్తోంది. కాలవలు పారే ఊరు కాబట్టి విజయవాడలో పాత గోడలకు ఇది ఎక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు నిలిచిన ఇళ్లలో ఒక లెక్క గుర్తుంచుకోండి. తడిసిన గోడ అంగుళం మందం ఆరడానికి దాదాపు నెల పడుతుంది. తొమ్మిదంగుళాల గోడ రెండు వేసవులు దాటినా తడిగానే ఉంటే, ఆ నేరం ఇక వరదది కాదు.

చెమ్మ గీతకు అడుగు పైవరకూ ఉన్న పాత పూతను చెక్కి తీసేయండి. ఇటుకల సందులు అర అంగుళం లోతు గీకండి. ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపండి, నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. ఆ తర్వాత ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుకతో పూత, సంచి సిమెంటుకు 200 మి.లీ. వాటర్‌ప్రూఫింగ్ ద్రవం. పాత సున్నపు పూతా కొత్తదీ కలిసే గీత మీద ఆరంగుళాల వెడల్పు ఇనుప జాలీ వేసి పూయకపోతే అక్కడే వెంట్రుకవాసి పగులు వస్తుంది. వారం తడపండి, నెల ఆరనివ్వండి, అప్పుడు లప్పం. పండగ దగ్గరపడిందని ఈ నెలను కోసేస్తే చేసిన పనంతా మళ్లీ రాలుతుంది.

ఒక మాట: పునాది చెమ్మ బలంగా ఉంటే ఈ పూత దాన్ని ఆపదు, ఇంకాస్త పైకి తోస్తుంది, అంతే. అప్పుడు నేలకు కొద్దిపైన పది పన్నెండు సెం.మీ.కు ఒకటి చొప్పున రంధ్రాలు చేసి చెమ్మను ఆపే రసాయనం ఎక్కించాలి. ఖర్చయినా అసలు మందు అదే.

వంటగదిలో ఎంసీబీ పడిపోతోంది

ఎంసీబీ అంటే భారం ఎక్కువైనా, షార్టయినా కరెంటును తనంతట తానే ఆపే స్విచ్చి. అది ఎప్పుడు పడుతోందన్నదే ఆధారం. ప్లగ్గు పెట్టగానే పడితే ఆ వస్తువులోనో, తీగలోనో షార్టు. కాసేపు నడిచాక పడితే భారం ఎక్కువ: 2000 వాట్ల ఇండక్షన్ దాదాపు 9 ఆంపియర్లు, 3000 వాట్ల గీజరు 13. రెండూ ఒకే 16 ఆంపియర్ల లైను మీద నిలవవు. గీజరుకు 4 చదరపు మి.మీ. రాగి తీగతో విడి లైను, 16 ఆంపియర్ల సాకెట్లకు 2.5 తీగ వేయించండి. తీగ మార్చకుండా ఎంసీబీని పెద్దది చేయకండి, అప్పుడు కాలేది గోడలోని తీగ. పడేది ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు కారితే ఆపే స్విచ్చి) అయితే కరెంటు ఎక్కడో నేలకు పోతోంది, తడిగోడలోని బోర్డు మీద ముందు అనుమానపడండి.

బోర్డు దగ్గర కాలిన వాసన వస్తే మెయిన్ ఆపేయండి. పాత అల్యూమినియం తీగకు రాగి తీగ మెలిపెట్టి ఉంటుంది, ఆ అతుకు వదులై వేడెక్కుతుంది. అతుకు మళ్లీ బిగించడం కాదు, బోర్డు నుంచి కొత్త తీగ లాగించాలి. ఇది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని, సొంత ప్రయోగం వద్దు.

సింకు కింద వాసన, నీరు మెల్లగా దిగడం

వాసనకు కారణం ట్రాప్, అంటే కొంచెం నీరు నిలిపి మురుగు వాసనను అడ్డుకునే భాగం, లేకపోవడం. 50 మి.మీ. నీటి అడ్డు నిలిచే బాటిల్ ట్రాప్ బిగించండి. నీరు మెల్లగా దిగితే పైపు వాలు కొలవండి, మీటరుకు 25 మి.మీ. ఉండాలి. పైపు కోసం గోడలో కొట్టిన గాడి మూసేముందు పైపు నిండా నీళ్లు నింపి ఒక రోజు ఉంచి చూడండి.

వంటగట్టుకూ గోడ టైలుకూ మధ్య నల్ల గీత

గ్రానైటూ గోడా వేర్వేరుగా కదులుతాయి, మధ్యలో గ్రౌటు పగిలి తడి చేరుతుంది. గ్రౌటు గీకేసి, బాగా ఆరాక బూజు పట్టని సిలికాన్ పెట్టండి.

నడవా తలుపు నేలకు రాసుకుంటోంది

పాత నేల మీదే టైలు వేస్తే ఎత్తు 13 నుంచి 15 మి.మీ. పెరుగుతుంది. కింద 6 మి.మీ. సందు మిగిలేలా కోసి, కోసిన అంచుకు అదే రోజు వార్నిష్ వేయండి. పచ్చి అంచు వానాకాలం చెమ్మను పీల్చి ఉబ్బుతుంది. వానల్లో మాత్రమే రాసుకునే తలుపును వానల్లో చిత్రిక పట్టకండి, సంక్రాంతి దాటాక చెక్క ఆరినప్పుడు మళ్లీ కొలిచి చూడండి.