అనంతపురం ఇంట్లో కూర్చుని బెంగళూరు స్టార్టప్‌కు పనిచేయాలంటే

పదిమంది ఉండే సాఫ్ట్‌వేర్ స్టార్టప్‌లో మీ పని అందుకోవడానికి ఇంకొకరు ఉండరు. మీరు గంటసేపు కనబడకపోతే ఆ గంట పని ఆగినట్టే. అందుకే అనంతపురం నుంచే చేసుకోండి అన్నారంటే, చేరే తేదీలోపే ఇల్లు సిద్ధం కావాలి.

మిద్దె మీది గది ప్రశాంతంగా ఉంటుందని ముందు దాన్నే ఎంచుకుంటారు. వద్దు. ఏప్రిల్, మే నెలల్లో స్లాబు వేడికి మధ్యాహ్నం అక్కడ మనిషి కూర్చోలేడు. ల్యాప్‌టాప్ కూడా వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. కింద, పడమటి ఎండ తగలని గది చూసుకోండి.

ఇక కరెంటు లెక్క. ల్యాప్‌టాప్ 60 వాట్లు, మానిటర్ 25, మోడెం రౌటర్ కలిపి 15, మామూలు సీలింగ్ ఫ్యాన్ 75: మొత్తం 175. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో పేరుకు 1.8 యూనిట్లు ఉంటాయి. ఇన్వర్టర్ తినేది పోగా, బ్యాటరీని అడుగంటా వాడకూడదు కాబట్టి, చేతికొచ్చేది ఒక యూనిట్ అనుకోండి. అంటే ఐదున్నర గంటలు. తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెడితే ఇంకో రెండు గంటలు కలిసొస్తాయి. కొత్త బ్యాటరీ కొనేముందు ఫ్యాన్ మార్చడమే తెలివైన పని. ఎండాకాలంలో బ్యాటరీ నీళ్లు నెలకోసారి చూడండి. పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. బోరు నీళ్లలోని లవణాలు ప్లేట్లను పాడుచేస్తాయి.

ఇన్వర్టర్ ఉన్నా మీటింగ్ తెగిపోతోందంటే తప్పు రౌటర్‌ది. కరెంటు మారే ఆ క్షణంలో రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, రెండు మూడు నిమిషాలు పోతాయి. ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే వేయండి, బ్యాటరీకి మారడం త్వరగా జరుగుతుంది. లేదా రౌటర్‌కు చిన్న డీసీ యూపీఎస్ (రౌటర్‌కు నేరుగా కరెంటు ఇచ్చే బ్యాటరీ డబ్బా) తగిలించండి. కొనేముందు అడాప్టర్ మీద 12 వోల్టులా, 9 వోల్టులా, ఎన్ని ఆంపియర్లు అన్నది చదవండి. మోడెం, రౌటర్ వేరువేరైతే రెండింటివీ.

నెట్ తీసుకునేటప్పుడు అడగాల్సింది వేగం కాదు, ఫైబర్ ఇంట్లోకి వస్తుందా అని. స్తంభం మీది డబ్బా దాకా ఫైబర్ వచ్చి అక్కడి నుంచి ల్యాన్ కేబుల్ లాగితే, వీధిలో కరెంటు పోగానే ఆ డబ్బా ఆగిపోవచ్చు, మీ ఇన్వర్టర్ ఏమీ చేయలేదు. బ్యాకప్ సిమ్ వేరే కంపెనీది పెట్టుకుని, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య అదే గదిలో అప్‌లోడ్ వేగం కొలవండి. సిమ్ మీద ఉన్నప్పుడు డాకర్ ఇమేజ్‌లు (ప్రోగ్రాము నడవడానికి కావలసినవన్నీ కట్టిన పెద్ద ఫైళ్లు) దించకండి. రోజుకు 2 జీబీ ప్యాక్ రెండు మూడు ఇమేజ్‌లకే అయిపోతుంది.

ఇన్ని చేసినా ఏదో ఒకరోజు లైను తెగుతుంది. డేటాబేస్ మైగ్రేషన్‌ను (డేటాబేస్ నిర్మాణం మార్చే పనిని) మీ టెర్మినల్ నుంచి నేరుగా ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే దూరాన ఉన్న సర్వర్‌కు కలిపే కనెక్షన్‌లో, నడుపుతుంటే, కనెక్షన్ పోగానే ఆ పని సగంలో చచ్చిపోవచ్చు. సర్వర్‌లో టీమక్స్ (కనెక్షన్ పోయినా పనిని నడుపుతూ ఉంచే ప్రోగ్రాము) తెరిచి అందులో నడపండి. తిరిగి వచ్చి అదే సెషన్‌లో చేరవచ్చు. డిప్లాయ్ (కొత్త కోడును వాడుకలోకి పెట్టడం) మాత్రం మీ మెషీన్ నుంచి చేయనే వద్దు, సర్వర్ మీద ఆ పనిని తానే చేసే సీఐ పైప్‌లైన్‌కు అప్పగించండి. పూర్తికాని కోడును కూడా భోజనానికి లేచేముందు సర్వర్‌లోని మీ బ్రాంచికి (మీ సొంత కోడు ప్రతికి) పుష్ చేయండి. లైను పోతే వెంటనే ఫోన్ నుంచి రెండు ముక్కలు రాయండి: ఏ పని ఎక్కడ ఆగింది, ఎవరైనా దాన్ని ముట్టుకోవచ్చా లేదా. కరెంటు పోయినందుకు ఎవరూ తప్పుపట్టరు, చెప్పకుండా మాయమైతేనే నమ్మకం పోతుంది.

ఆఫర్ లెటర్‌లో రెండు సంగతులు చూడండి. షేర్లు ఇస్తామంటే, సాధారణంగా నాలుగేళ్లలో విడతలుగా వస్తాయి; మొదటి ఏడాది నిండకుండా మానేస్తే ఏమీ రావు. కాబట్టి ఇంటి ఈఎంఐ లెక్క నెలనెలా చేతికొచ్చే జీతం మీదే వేయండి. రెండోది, ఆఫీసుకు పిలిచినప్పుడు జాతీయ రహదారి 44 మీద రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. నెలకు ఎన్నిసార్లు రావాలి, బస ఖర్చు ఎవరిది అన్నది సంతకానికి ముందే కాగితం మీద రాయించుకోండి.