రాస్ప్‌బెర్రీ పైలో ఫర్మ్‌వేర్ లైనక్స్‌కి ఏం చెబుతుందో డాక్యుమెంట్ చేయడం ఎలా?

రాస్ప్‌బెర్రీ పై 4బి అనే చిన్న కంప్యూటర్‌లో 2 జీబీ, 4 జీబీ, 8 జీబీ బోర్డులు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఎస్‌డీ కార్డులోని డివైస్ ట్రీ ఫైల్ (బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఉందో లైనక్స్‌కి చెప్పే జాబితా) కూడా మూడిటికీ ఒక్కటే. అందులో ర్యామ్ సైజు ఉండాల్సిన చోట సున్నాలే కనిపిస్తాయి. అయినా లైనక్స్ లేచేసరికి తను ఏ బోర్డు మీద ఉందో, ఎంత ర్యామ్ ఉందో దానికి తెలిసిపోతుంది. మధ్యలో ఆ సున్నాలను నింపేది బూట్ ఫర్మ్‌వేర్, అంటే లైనక్స్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్. మనం రాయాల్సింది ఆ నింపిన సంగతే.

1. ముందు దారి గీయండి. బోర్డు మోడల్, ర్యామ్ లాంటి వివరాలు చెప్పే రివిజన్ కోడ్ చిప్‌లోని ఓటీపీలో ఉంటుంది. ఫోన్‌కి వచ్చే ఓటీపీ కాదు, ఒక్కసారే రాయగలిగే మెమరీ. ఫర్మ్‌వేర్ దాన్ని చదువుతుంది, కాన్ఫిగ్ ఫైల్ చూస్తుంది, డివైస్ ట్రీని ర్యామ్‌లోకి ఎక్కించి అక్కడే దిద్దుతుంది. 64 బిట్ కెర్నల్‌కైతే (లైనక్స్‌లోని అసలు భాగం) ఆ ట్రీ అడ్రస్‌ని ప్రాసెసర్‌లోని ఎక్స్0 రిజిస్టర్‌లో, 32 బిట్‌కైతే ఆర్2లో పెట్టి అప్పజెబుతుంది. ఒక్కో అడుగు పక్కన ఎవరు రాస్తున్నారు, ఎవరు చదువుతున్నారు అన్నది రాయండి.

2. లైనక్స్ వైపు చూడండి. ప్రోక్ అనే సిస్టమ్ ఫోల్డర్ కింద డివైస్-ట్రీ ఫోల్డర్‌లో మోడల్, కంపాటిబుల్ అనే ఫైళ్లుంటాయి. కంపాటిబుల్‌లో పేర్ల మధ్య నల్ క్యారెక్టర్ ఉంటుంది కాబట్టి క్యాట్ కొడితే అన్నీ అతుక్కుపోయి కనిపిస్తాయి. కంగారు పడొద్దు, టీఆర్ కమాండ్‌తో నల్‌ని కొత్త లైన్‌గా మార్చుకోండి.

3. రెండు ట్రీలను పోల్చండి. అసలు పని ఇదే. కార్డులోని ఫైల్‌ని డీటీసీ టూల్‌తో టెక్స్ట్‌గా మార్చండి. నడుస్తున్న సిస్టమ్‌లోని ట్రీనీ అలాగే మార్చండి. రెండిటికీ సార్ట్ ఆప్షన్ పెట్టి, తేడాలు చూపే డిఫ్ తీయండి. మెమరీ సైజు, సీరియల్ నంబర్, మ్యాక్ అడ్రస్, కెర్నల్ కమాండ్ లైన్ బయటపడతాయి. కాన్ఫిగ్‌లో ఓవర్‌లేలు (ట్రీకి మీరు అదనంగా చేర్చే మార్పుల ఫైళ్లు) ఉంటే వాటి మార్పులూ వస్తాయి. అవి మీరు అడిగినవి, బోర్డు చెప్పినవి కావు, కాబట్టి వేరే గుర్తు పెట్టండి.

4. రివిజన్ కోడ్‌ని విప్పండి. ఉదాహరణకు సి03112. హెక్స్‌లో సి అంటే 12, బైనరీలో 1100. మొదటి 1 ఇది కొత్త పద్ధతి కోడ్ అని చెబుతుంది. మిగిలిన 100 అంటే 4, అంటే 4 జీబీ. కోడ్ 4, ర్యామ్ 4 జీబీ కలవడం కాకతాళీయమే: 3 అంటే 2 జీబీ, 5 అంటే 8 జీబీ. తర్వాతి 0 సోనీ యూకే తయారీ, 3 బీసీఎం2711 ప్రాసెసర్, 11 మోడల్ 4బి, చివరి 2 రివిజన్ 1.2.

చాలామంది కోడ్ మొత్తాన్ని స్ట్రింగ్‌గా పోలుస్తారు. అది పొరపాటు. పాత బోర్డుల్లో ఓవర్‌వోల్టేజ్ (మామూలు కంటే ఎక్కువ వోల్టేజ్) వాడితే, వారంటీ పోయిందని చెప్పే వారంటీ బిట్ కోడ్ పైభాగంలో వచ్చి చేరవచ్చు, దాంతో పోలిక తప్పుతుంది. కాబట్టి ఏ బిట్లు చూడాలో డాక్యుమెంట్‌లోనే చెప్పండి.

పీసీల్లో బోర్డు వివరాలు చెప్పే ఈ పనిని ఎస్ఎంబయాస్ పట్టికలు చేస్తాయి; ఇవి ఫర్మ్‌వేర్ ఇచ్చేవి. అక్కడ మోడల్ పేరు ఉండాల్సిన చోట "టు బి ఫిల్డ్ బై ఓఈఎం" అని వదిలేసిన బోర్డులు కొల్లలు. ఫీల్డ్ ఉన్నంత మాత్రాన విలువ ఉన్నట్టు కాదని అక్కడ తెలుస్తుంది.

5. రెండో బోర్డుతో సరిచూడండి. ర్యామ్ వేరుగా ఉన్న ఇంకో 4బిలో అదే కార్డు పెట్టి మళ్లీ డిఫ్ తీయండి. రెండు బోర్డుల్లోనూ మారనిది వేరియంట్ సమాచారం కాదు, మీ డాక్యుమెంట్‌లోంచి తీసేయండి. బూట్‌లోడర్ వెర్షన్ తేదీ కూడా రాసుకోండి, ఎందుకంటే అప్‌డేట్ తర్వాత కొత్త ఫీల్డులు రావచ్చు. నలుగురికీ పంపే ముందు మీ సీరియల్ నంబర్, మ్యాక్ అడ్రస్ చెరిపేయడం మరిచిపోకండి.