బస్సు స్కిన్‌కు రేటు కట్టేముందు

మిర్యాలగూడలో నాది రేడియం స్టిక్కర్ల షాపు. పగలంతా ఆటో అద్దాల మీద పిల్లల పేర్లు, లారీల వెనక దేవుడి బొమ్మలు. రాత్రి షట్టర్ దించాక బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా గేమ్‌కు మన పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ స్కిన్‌లు, అంటే గేమ్‌లో బస్సుకు తొడిగే రంగులు, బోర్డులు చేస్తుంటా. "అన్నా, ఇవి అమ్ముకోవచ్చా?" అని తమ్ముళ్లు అడుగుతుంటారు. కొన్ని అమ్ముకోవచ్చు. ఏవో ఎట్లా తేల్చుకోవాలో చెప్తా.

ముందు ఒక కాగితం తీసుకో. మోడ్‌లో, అంటే గేమ్‌కు మనలాంటి బయటివాళ్లు చేసి కలిపే ఫైల్‌లో ఏమేం ఉన్నాయో రాసి, ఎదురుగా ఎవరు చేశారో రాయి. నా దేవరకొండ ఎక్స్‌ప్రెస్ సంగతే చూడు. రంగులు నావి. 'వయా హాలియా' బోర్డు నాది. అద్దం కింద వేలాడే నిమ్మకాయ, మిరపకాయలు నావి. హారన్ మా బస్టాండ్‌లో నిలబడి ఫోన్‌లో రికార్డ్ చేసింది. బస్సు బాడీ మాత్రం ఇండోనేషియాలో ఎవరో చేసి ఫ్రీగా పెట్టింది. ఆర్టీసీ లోగో ఆర్టీసీదే, దాన్ని అమ్మే హక్కు నాకెక్కడిది?

ఈ కాగితం నేను ఆలస్యంగా రాశా. ఒక్కోటి 49 రూపాయల చొప్పున 31 మందికి అమ్మాక, బాడీ చేసినాయన మెసేజ్ పెట్టాడు. 'అమ్మకూడదు' అని వాళ్ల భాషలో ముందే రాసి పెట్టాడట, నేను చదివితే కదా! 1,519 రూపాయలు ఒక్కొక్కరికీ ఫోన్‌పేలో తిరిగి కొట్టా. అందులో ఒకడు, "పైసలొద్దన్నా, బోర్డు మీద నల్గొండ రూటు వేసివ్వు చాలు" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. షాపులో కస్టమర్ షీటు తనే తెచ్చుకుంటే మనం కటింగ్ చార్జీ ఒక్కటే తీసుకుంటాం. ఇదీ అంతే. ఫైల్ ఫ్రీగా పెట్టు, చేతిపనికి రేటు చెప్పు.

దానికంటే ముందు గేమ్ కంపెనీ రూల్స్ చదవాలి. మైన్‌క్రాఫ్ట్‌లో మోడ్‌లు అమ్మనివ్వరు. సిమ్స్ 4 గేమ్‌కు దాని కంపెనీ ఈఏ 2022లో పెట్టిన పద్ధతి వేరు: కొన్నాళ్లు ముందుగా ఇచ్చినందుకు డబ్బు తీసుకోవచ్చు, తర్వాత అందరికీ ఫ్రీగా వదలాలి. నాకైతే ఇది నచ్చింది. 2015 ఏప్రిల్‌లో స్కైరిమ్ గేమ్ మోడ్‌లను స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపులో అమ్మకానికి పెట్టినప్పుడు, చేసినవాడి చేతికి వచ్చేది 25 శాతమే. ఆడేవాళ్లు గొడవ చేస్తే నాలుగు రోజుల్లో ఎత్తేశారు. ఫ్రీగా పెడితే ఏం మిగులుతుందంటావా? 1999లో కౌంటర్ స్ట్రైక్ కూడా హాఫ్ లైఫ్ గేమ్‌కు ఫ్రీ మోడే. మరుసటి ఏడాదే హాఫ్ లైఫ్ కంపెనీ వాల్వ్ దాన్ని కొనేసింది, చేసినవాళ్లను పనిలోకి తీసుకుంది. అందరికీ అట్లా కలిసి రాదనుకో.

ఇక రేటు. ఆర్డర్ మీద చేసే స్కిన్‌కు నేను 150 తీసుకుంటా, సగం అడ్వాన్స్. రెండు సార్లు మార్పులు ఊరికే, మూడోసారి నుంచి 30. ఏ వెర్షన్‌లో పనిచేస్తుందో ముందే రాసి పంపుతా. ఇది మర్చిపోకు. గేమ్ అప్‌డేట్ అయ్యి బస్సు తెల్లగా కనపడితే ఫ్రీగా తీసుకున్నవాడు ఓపిక పడతాడు, డబ్బు కట్టినవాడు రాత్రి పదకొండుకు ఫోన్ చేస్తాడు. ఆ టెన్షన్ కూడా రేటులో కలుపుకోవాలి.

మొన్న ఇంటర్ చదివే పిల్లాడు వాళ్ల నాన్న నడిపే బస్సు కావాలన్నాడు. అదే నంబర్, అదే రూటు. రెండు మార్పులూ అయిపోయాయి. మూడోసారి వాడి నాన్నే డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే షాపుకొచ్చాడు. ఫోన్ కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, "ఎడమవైపు బంపర్‌కు సొట్ట ఉండాలె తమ్మీ" అన్నాడు. సొట్ట పెట్టా. ఆ 30 అడగలేదు.