నొప్పి లేని కామెర్లు: పిత్తనాళ క్యాన్సర్‌లో ఎక్కడ పొరబడతాం

సమస్య: కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం టీ డికాక్షన్ రంగు, మలం సున్నంలా తెల్లగా, ఒళ్లంతా దురద. నొప్పి లేదు.
పైత్యరసం పేగులోకి దిగే దారి మూసుకుపోయిందని అర్థం. వైరస్ కామెర్లలో ఎస్‌జీపీటీ (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) బాగా పెరుగుతుంది. ఇక్కడ డైరెక్ట్ బిలిరుబిన్ (కాలేయం పైత్యరసంలోకి వదిలే పసుపు పదార్థం), ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (నాళం మూసుకుంటే పెరిగే ఎంజైమ్) దానికన్నా ఎక్కువగా పెరుగుతాయి. పసరు మందుతో వారాలు గడిపితే ఆపరేషన్ అవకాశమే చేజారొచ్చు. ముందు అల్ట్రాసౌండ్ తీయించాలి. కాలేయంలోని నాళాలు ఉబ్బి పిత్తాశయం ముడుచుకుని ఉంటే అడ్డు పైన, కుడి ఎడమ నాళాలు కలిసేచోట ఉండొచ్చు. దీన్నే క్లాట్స్‌కిన్ ట్యూమర్ అంటారు. పిత్తాశయమూ ఉబ్బితే అడ్డు కిందుంది. అప్పుడు ఆ పక్కనే ఉండే పాంక్రియాస్ (క్లోమం) తల కూడా చూడాలి.

సమస్య: స్టెంట్ (మూసుకున్న నాళాన్ని తెరిచి ఉంచే సన్న గొట్టం) వేశాక తీసిన స్కాన్‌లో గడ్డ ఎంతవరకు పాకిందో తేలడం లేదు.
మనం ఎక్కువగా చూసే తప్పు ఇదే. స్టెంట్ వల్ల నాళం వాచి, గోడ మందమై, వాపేదో గడ్డేదో కలిసిపోతాయి. ఎమ్మార్సీపీ (పిత్తనాళాలను చూపే ఎమ్మారై స్కాన్), మూడు దశల సీటీ (రంగుమందు ఎక్కించి మూడుసార్లు తీసే స్కాన్) అయ్యాకే స్టెంట్ జోలికెళ్లాలి. చలిజ్వరం వస్తే వేరే సంగతి: అది చీము పట్టిన నాళం, యాంటీబయాటిక్స్‌తోపాటు వెంటనే డ్రెయిన్ చేయాలి (నిలిచిన పైత్యరసాన్ని బయటకు వదలాలి). ఆపరేషన్ ఆలోచన ఉంటే, మిగలబోయే కాలేయం వైపు నాళాన్నే ముందు డ్రెయిన్ చేస్తారు.

సమస్య: సీఏ 19-9 (క్యాన్సర్‌లో పెరిగే రక్త పరీక్ష) ఎక్కువొచ్చింది, బ్రష్ బయాప్సీ (నాళాన్ని బ్రష్‌తో రుద్ది కణాలు తీసే పరీక్ష) మాత్రం నెగెటివ్.
రెండూ మోసం చేస్తాయి. అడ్డు ఒక్కటే ఉన్నా సీఏ 19-9 పెరుగుతుంది; బిలిరుబిన్ దిగాక మళ్లీ చూడాలి. గడ్డ గట్టి నారలా ఉంటుంది కనుక బ్రష్‌కు కణాలు సరిగా రాలవు. నెగెటివ్ అంటే క్యాన్సర్ లేదని కాదు. కొలాంజియోస్కోపీతో (నాళంలోకి సన్న కెమెరా పంపి) కంటితో చూస్తూ ముక్క తీయాలి. రక్తంలో ఐజీజీ4 అనే యాంటీబాడీ కూడా చూడాలి, ఎందుకంటే స్టెరాయిడ్‌తో తగ్గే ఐజీజీ4 జబ్బు అచ్చం ఇలాగే కనిపిస్తుంది. కాలేయ మార్పిడికి అవకాశం ఉన్నవారికి చర్మం మీదుగా సూది పొడవకూడదు. కణాలు ఆ దారిలో చిమ్మే ప్రమాదముంది.

సమస్య: స్టెంట్ ఉన్నా మళ్లీ జ్వరం, కామెర్లు.
ప్లాస్టిక్ స్టెంట్ సుమారు 3 నెలలకు పూడుకుంటుంది. మార్చాలి.

చికిత్స
పూర్తిగా తీసేయగలిగితే ఆపరేషన్, ఆపై 6 నెలలు కేపెసిటబైన్ (కీమో మాత్ర). తీయలేకపోతే కీమో మందులు జెమ్‌సిటబైన్ (శరీర ఉపరితలం చదరపు మీటరుకు 1000 మి.గ్రా.), సిస్‌ప్లాటిన్ (అదే లెక్కన 25 మి.గ్రా.) 21 రోజుల సైకిల్‌లో 1వ, 8వ రోజుల్లో, వీటికి ఇమ్యునోథెరపీ మందు డుర్వాలుమాబ్ లేదా పెంబ్రోలిజుమాబ్ కలుపుతారు. బిలిరుబిన్ దిగకుండా కీమో మొదలెట్టరు. బయాప్సీ ముక్క అయిపోకముందే ఎఫ్‌జీఎఫ్‌ఆర్2, ఐడీహెచ్1, హెర్2, ఎంఎస్ఐ పరీక్షలకు (గడ్డలోని జన్యు మార్పులు చూసేవి) పంపమని అడగండి. మొదటి కీమో పని చేయనప్పుడు ఆ మార్పులను గురిపెట్టే పెమిగాటినిబ్ లాంటి మాత్రలకు దారి తెరిచేది ఆ రిపోర్టే.