రష్యన్ పెళ్లి పెయింటింగ్‌లో గుర్తుల్ని చదవడం ఎలా?

కోన్‌స్తాంతిన్ మకోవ్‌స్కీ 1883లో వేసిన బొయార్ల పెళ్లి విందు బొమ్మ గురించి చెప్తున్నా, బొయార్లంటే జార్ కొలువులో ఉండే పెద్ద ప్రభువులు. ఒరిజినల్ వాషింగ్టన్‌లో హిల్‌వుడ్ మ్యూజియంలో ఉంది, వర్జీనియా మేరీలాండ్ మనవాళ్లు వెళ్లి చూడొచ్చు, మిగతావాళ్లకి పెద్ద సైజ్ ఇమేజ్ చాలు. ఫోన్‌లో మాత్రం చూడొద్దు, దాదాపు 4 మీటర్ల వెడల్పు బొమ్మ, మొహాలు అస్సలు తెలీవు.

1. ముందు కుడివైపు నిలబడ్డ జంటని చూడండి, తర్వాత వాళ్ల వైపు ఎత్తిన గ్లాసుల్ని. రష్యన్ పెళ్లిళ్లలో "గోర్కో" అని అరుస్తారు, అంటే వైన్ చేదుగా ఉంది, మీ ముద్దుతో తియ్యగా చెయ్యండి అని. అందరూ దాని కోసమే వెయిటింగ్.

2. తర్వాత పళ్లెంలో వస్తున్న హంస. హంస అంటే ప్రేమ, స్వచ్ఛత అని ఎక్కడో చదివింది అప్పజెప్పకండి ప్లీజ్. అది వండిన హంస. విందులో ఆఖరి వంటకం, అది తిన్నాక జంటని పడగ్గదికి పంపేస్తారు, అంటే పిల్లకి ఇంక టైమ్ లేదు.

3. పెళ్లికూతురు మొహం. అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చూడండి. తల దించుకుంది, వెనక పెద్దావిడ ముందుకు వెళ్లమని బుజ్జగిస్తోంది, ఇంకేముంది బలవంతపు పెళ్లి అని తేల్చేస్తారు. అప్పగింతల్లో ఏడ్చే పిల్లని చూసి మనం అలా అంటామా? పాత రష్యాలో పెళ్లికూతురు ఏడవడం ఆచారమే, దానికి పాటలు కూడా ఉన్నాయి. అలాగని అంతా ఆచారమే అని కొట్టిపారేయడం కూడా తప్పే, ఎందుకంటే బొయార్ల ఇళ్లలో ఆడపిల్లల్ని వేరే గదుల్లో మగవాళ్ల కంట పడకుండా పెంచేవాళ్లు, పెళ్లిదాకా వరుణ్ణి సరిగ్గా చూడని పిల్లని ఇప్పుడు ఇంతమంది ముందు ముద్దు పెట్టమంటున్నారు. సిగ్గు, భయం, ఆచారం మూడూ కలిపి చదవాలి, ఒకటే పట్టుకుంటే బొమ్మ పోయినట్టే.

ఈ గొడవంతా పుకిరెవ్ అనే ఇంకో రష్యన్ చిత్రకారుడు 1862లో వేసిన ముసలి వరుడు, చిన్న పిల్ల పెళ్లి బొమ్మ వల్ల అనుకుంటా. అది తన కాలం మీద విమర్శ, అందులో అన్యాయం సూటిగానే కనిపిస్తుంది. ఆ కళ్లతో దీన్ని చూడొద్దు.

4. చివర్లో బట్టలు, ముత్యాల కిరీటాలు. మకోవ్‌స్కీ పాత రష్యన్ బట్టలు, సామాన్లు కలెక్ట్ చేసేవాడు, తన కాలానికి రెండు వందల ఏళ్ల పైబడిన ప్రపంచాన్ని వాటితో ముస్తాబు చేశాడు. ప్రతి ముత్యానికీ ఒక అర్థం వెతక్కండి, సగం ముత్యాలు అందం కోసమే.